మ్యాప్ మీద దూర వృత్తాలు: అడవి నడకకు, గాలింపుకు ఎలా వాడాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

అడవి నడకలకు వెళ్లే బృందాల్లోనూ, ఎవరైనా తప్పిపోతే వెతకడానికి ముందుకొచ్చే వాళ్లలోనూ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే ఒకచోట చేర్చాను. మొదటి నుంచి చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఉదాహరణలు ఎక్కువగా నల్లమల, శేషాచలం కొండలవి.

ఒక్క మాట మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి. మ్యాప్ మీద వృత్తం గీయడం అర నిమిషం పని. దాని కేంద్రం ఎంత నిజం, అది ఏ సమయానిది అన్నది తేల్చుకోవడమే అసలు కష్టం. ప్రాణం నిలబడేది కూడా అక్కడే.

## మొదటి సందేహాలు

దూర వృత్తం అంటే ఏంటి? రూట్ చూపించే గీతకీ దీనికీ తేడా ఏంటి?

మ్యాప్ మీద ఒక బిందువు తీసుకుని, దాని నుంచి అన్ని దిక్కులకీ సమాన దూరంలో గీసే గుండ్రటి గీత దూర వృత్తం. చాలామంది రింగు అనే అంటారు. రూట్ గీత "ఇలా వెళ్లాలి" అని చెబుతుంది. రింగు "ఇంత దూరం లోపల" అని మాత్రమే చెబుతుంది. దిక్కు తెలియనప్పుడు, దారి లేనప్పుడు, మనిషి ఎటు వెళ్లాడో తేలనప్పుడు రూట్ గీత పనికిరాదు. అలాంటప్పుడు రింగు అవసరమవుతుంది.

సర్కిల్ లోపల ఉన్నదంతా నడిచి చేరుకోగల చోటేనా?

కాదు. రింగు చూపేది పిట్ట ఎగిరే దూరం. శ్రీశైలం దగ్గర కృష్ణ లోయ అంచున నిలబడితే అవతలి గట్టు కళ్లెదుటే ఉంటుంది. మ్యాప్ మీద ఆ రెండూ ఒకే చిన్న రింగులో ఇమిడిపోతాయి. కానీ నడిచే మనిషికి మధ్యలో నిట్టనిలువు లోయ ఉంది, నది ఉంది. దీనికి తిరగబడ్డ సందర్భాలూ ఉంటాయి. మంచి బండి బాట దొరికితే మనిషి అనుకున్నదానికన్నా చాలా దూరం పోగలడు. అందుకని రింగు గీశాక ఎత్తు గీతలున్న మ్యాప్ గానీ, ఉపగ్రహ చిత్రం గానీ దాని కింద తప్పకుండా పెట్టి చూడాలి.

## బయలుదేరే ముందు

గూగుల్ మ్యాప్స్‌లో సర్కిల్ గీయడం కుదరడం లేదు. ఏం వాడాలి?

ఫోన్‌లో ఉండే గూగుల్ మ్యాప్స్‌లో రెండు బిందువుల మధ్య దూరం కొలవచ్చు గానీ వృత్తం గీసే సాధనం లేదు. గూగుల్ మై మ్యాప్స్‌లోనూ లేదు. కంప్యూటర్ ఉంటే గూగుల్ ఎర్త్ ప్రో ఉచితంగా దొరుకుతుంది. అందులో రూలర్ తెరిచి, సర్కిల్ ఎంచుకుని, కేంద్రం మీద నొక్కి లాగితే సరి. గీసినదాన్ని కేఎంఎల్ ఫైలుగా దాచుకుంటే దాదాపు ఏ మ్యాప్ యాప్‌లోనైనా తెరుచుకుంటుంది.

ఫోన్‌లోనే కావాలంటే ఓస్మ్‌అండ్ మంచిది. అందులో రేడియస్ రూలర్ ఆన్ చేస్తే కేంద్రం చుట్టూ ఒకదాని బయట ఒకటి రింగులు కనిపిస్తాయి, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. గాలింపు ప్రణాళిక వేయాలంటే కాల్‌టోపో ఇంకా మేలు. అమెరికాలో గాలింపు బృందాలు విరివిగా వాడేది అదే. ఒక బిందువుకు కావలసినన్ని దూరాలతో రింగులు ఇస్తుంది, ఒకే మ్యాప్‌ను పదిమందీ చూడొచ్చు. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు బృందంలో ఒక్కరున్నా చాలు, పెద్ద గాలింపులో ఎంతో ఆసరా.

సిగ్నల్ లేని చోట ఇవి పనిచేస్తాయా?

పనిచేస్తాయి, మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే. ఫోన్ జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాన్ని నేరుగా అందుకుంటుంది, దానికి డేటా అక్కర్లేదు. నెట్ లేనప్పుడు మొదటిసారి స్థానం పట్టడానికి మాత్రం కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. కాబట్టి చెట్ల కిందికి వెళ్లకముందే, ఆకాశం బాగా కనిపించే చోట యాప్ తెరిచి చుక్క స్థిరపడేదాకా ఆగండి. తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టుకోవచ్చు. చాలా ఫోన్లలో అప్పుడు కూడా జీపీఎస్ నడుస్తుంది, టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ కరిగిపోదు.

రింగులు ఎన్ని కిలోమీటర్లకు గీసుకోవాలి?

మీ బృందం నడిచే వేగాన్ని బట్టి. 1892లో నేస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. సమతలంలో గంటకు సుమారు 5 కిలోమీటర్లు, పైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ మరో గంట. అది చల్లటి దేశంలో, అలవాటున్న కాళ్లతో, తెరిపి నేల మీద నడిచేవాళ్ల లెక్క. మన దగ్గర ఏప్రిల్ ఎండలో సలేశ్వరం జాతరకు రాళ్ల దారిలో దిగే బృందానికి అది వర్తించదు. బాట ఉన్న కొండ అడవిలో గంటకు 2 కిలోమీటర్లు, బాట లేని పొదల్లో 1 కిలోమీటరు అనుకుని ప్రణాళిక వేస్తే మోసపోరు.

ఆ లెక్కన బయలుదేరే చోటును కేంద్రం చేసి 1, 2, 4 కిలోమీటర్లకు మూడు రింగులు ఒక పగటి నడకకు చాలు. మరీ ఎక్కువ గీస్తే స్క్రీన్ అంతా గీతలై దారి కనిపించదు.

"ఈ రింగు దాటాక వెనక్కి తిరగాలి" అని నియమం పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, కానీ గడియారంతో కలిపి. ఫలానా సమయానికి 2 కిలోమీటర్ల రింగు దాటకపోతే ఇక ముందుకు పోకుండా తిరిగి రావాలి అని బయలుదేరే ముందే అందరూ ఒప్పుకోవాలి. జలపాతం "ఇంకో పది నిమిషాలే" అన్నప్పుడు అడ్డం పడగలిగేది ముందే ఒప్పుకున్న మాటే.

ఇంట్లో వాళ్లకు ఏం పంపాలి?

బండి నిలిపిన చోటు లొకేషన్, రింగులు గీసిన మ్యాప్ స్క్రీన్‌షాట్, వెళ్లాలనుకున్న దిక్కు, తిరిగొచ్చే సమయం, ఏ సమయం దాటితే 112కు ఫోన్ చేయాలో ఆ సమయం, బండి నంబరు, బృందంలో ఎవరెవరున్నారో పేర్లు. చివరగా మీ బట్టల రంగు తెలిసేలా ఆరోజు తీసిన ఒక ఫొటో.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు హైదరాబాద్‌లో అమ్మానాన్నలకు మాత్రమే చెప్పి పర్వతాల్లోకి వెళ్తే, కంగారుపడి వాళ్లు ఇక్కడి నుంచి 911 నొక్కినా అక్కడికి వెళ్లదు. పశ్చిమ రాష్ట్రాల్లో గాలింపు బాధ్యత సాధారణంగా ఆ కౌంటీ షెరిఫ్‌ది. నేషనల్ పార్కుల్లో అయితే చాలాచోట్ల పార్కు రేంజర్లే చూస్తారు. ఆ కార్యాలయం పూర్తి ఫోన్ నంబరును దేశం కోడ్‌తో సహా ఇంటికి పంపండి. అక్కడే ఉన్న ఒక స్నేహితుడికి కూడా వివరాలన్నీ ఇవ్వండి.

## నడుస్తున్నప్పుడు

నీలం చుక్క చుట్టూ లేత నీలం సర్కిల్ కనిపిస్తుంది. నేను కచ్చితంగా అందులోనే ఉన్నట్టా?

ఉండకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆ వృత్తానికి అర్థం, మీరు దాని లోపల ఉండే అవకాశం సుమారు 68 శాతం అని. అంటే దాదాపు మూడుసార్లలో ఒకసారి మీరు దాని బయట ఉంటారు. లోయల్లో, నిలువు రాతి గోడల పక్కన సంకేతం రాయికి తగిలి తిరిగి వస్తుంది కాబట్టి తప్పు ఇంకా పెరుగుతుంది. గాలింపు బృందం కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తప్పిపోయిన మనిషి పంపిన లొకేషన్ పక్కన "20 మీటర్లు" అని ఉంటే, 20 మీటర్లు వెతికి లేడని వెనక్కి రాకూడదు.

జీపీఎస్ పనిచేయడం లేదు. రెండు కొండలు గుర్తుపట్టాను. రింగులతో నా చోటు తెలుసుకోవచ్చా?

సూత్రం సరైనదే. ఒక కొండ నుంచి నా దూరం 3 కిలోమీటర్లు, రెండోదాని నుంచి 4 అని తెలిస్తే, ఆ రెండు వృత్తాలు కలిసే చోట నేనుంటాను. జీపీఎస్ కూడా కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలతో ఇదే పని చేస్తుంది. కాకపోతే రెండు వృత్తాలు సాధారణంగా రెండు చోట్ల కలుస్తాయి, పైగా కంటితో కొండ దూరాన్ని అంచనా వేయడంలో ఎవరైనా తడబడతారు. దూరం కన్నా దిక్కు నమ్మదగినది. కంపాస్‌తో రెండు శిఖరాల దిక్కు చూసి, వాటి నుంచి మీ వైపుకు గీతలు గీయండి. తెలుగు రాష్ట్రాల్లో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీల లోపే, ఆ సమయంలో దాన్ని పట్టించుకోనవసరం లేదు.

కొండ ఎక్కుతుంటే మ్యాప్ చూపే దూరం తక్కువగా ఎందుకుంది?

మ్యాప్ అడ్డంగా ఉన్న దూరాన్నే కొలుస్తుంది. 30 డిగ్రీల వాలు మీద మ్యాప్‌లో 1000 మీటర్లు అంటే నేల మీద సుమారు 1155 మీటర్లు. నిజానికి అసలు తేడా వచ్చేది బాట మెలికల వల్ల. అహోబిలంలో ఉగ్రస్తంభానికి ఎక్కేవాళ్లకు ఇది కాళ్లతోనే తెలుస్తుంది.

దారి తప్పాననిపిస్తోంది. తెలిసిన చోటు వెతుక్కుంటూ ముందుకు పోవాలా, ఆగాలా?

ఆగండి. మీరు నడిచే ప్రతి గంటా వెతికేవాళ్ల రింగును పెంచుతుంది. రింగు వ్యాసార్థం రెట్టింపైతే వెతకాల్సిన నేల నాలుగు రెట్లవుతుంది. 3 కిలోమీటర్ల రింగులో 28 చదరపు కిలోమీటర్లు ఉంటే, 6 కిలోమీటర్ల రింగులో 113 ఉంటాయి. మీరు నిలబడిపోతే వాళ్ల పని అక్కడితో పెరగడం ఆగిపోతుంది.

కూర్చుని నీళ్లు ఎంతున్నాయో చూసుకోండి. 112కు ఫోన్ చేయండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా మరో కంపెనీ టవర్ అందితే ఆ కాల్ వెళ్లే అవకాశం ఉంది. కాల్ నిలవకపోతే ఇంటికి ఎస్సెమ్మెస్ పంపండి, కాల్‌కు సరిపోని సిగ్నల్‌లో కూడా అది ఒక్కోసారి దాటిపోతుంది. ఈల ఉంటే మూడుసార్లు ఊది, కాసేపు ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదండి. చీకట్లో కదలొద్దు. వాగు వెంట కిందికి పోతే ఊరు వస్తుందన్న నమ్మకం మన కొండల్లో ప్రమాదకరం. శేషాచలంలో ఎన్నో వాగులు నడిచినంతసేపు నడిపించి చివరికి జలపాతం అంచుకు చేరుస్తాయి.

ఫోన్‌లో లొకేషన్ నంబర్లు ఎలా చదివి చెప్పాలి?

దశాంశ డిగ్రీల్లోనే చెప్పండి, చుక్కను "పాయింట్" అని పలకండి. ఇక్కడ జరిగే పొరపాటు చాలా పెద్దది. 16.50 డిగ్రీలు అంటే 16 డిగ్రీల 30 నిమిషాలు. అవతలివాళ్లు దాన్ని 16 డిగ్రీల 50 నిమిషాలుగా రాసుకుంటే కేంద్రం దాదాపు 37 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది. గాలింపు బృందం వేరే జిల్లాలో దిగుతుంది.

చుక్క తర్వాత నాలుగు అంకెలు చదివితే సుమారు 11 మీటర్ల దాకా సరిపోతుంది. మూడు అంకెలైతే 110 మీటర్లు, మనిషిని కనుక్కోవడానికి అది కూడా చాలాసార్లు చాలు. ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. తెలుగు రాష్ట్రాల్లో మొదటిది 12 నుంచి 20 మధ్య, రెండోది 76 నుంచి 85 మధ్య ఉండాలి. అలా లేకపోతే ఎక్కడో తారుమారైంది. అవతలివాళ్లతో తిరిగి చదివించుకోండి.

## మనిషి కనిపించనప్పుడు

కేంద్రం ఎక్కడ పెట్టాలి? బైక్ దగ్గరా, చివరి ఫోన్ కాల్ దగ్గరా, ఎవరో చూశామన్న చోటా?

రెండు రకాల ఆధారాలను విడదీయండి. ఒకటి, మనిషిని మరొకరు కళ్లతో చూసిన చోటు. రెండు, అతను అక్కడ ఉన్నాడని వస్తువు గానీ, అడుగు గానీ, ఫోన్ గానీ చెబుతున్న చోటు. తాళం వేసిన బైక్ గట్టి ఆధారం. "ఎర్ర చొక్కా అబ్బాయిని చూశాం" అన్న మాట గట్టిదో కాదో విచారించాలి. జాతర రోజైతే ఎర్ర చొక్కాలు ఎన్నో ఉంటాయి.

ఒకే కేంద్రం తేలకపోతే రెండింటికీ వేర్వేరు రంగుల్లో రింగులు గీయండి. రెండూ కలిసే ప్రాంతానికి మొదటి బృందాన్ని పంపండి. ప్రతి కేంద్రం పక్కనా నాలుగు సంగతులు రాయాలి: సమయం, ఎవరు చెప్పారు, ఎలా తెలుసు, ఎంత నమ్మకం. కొత్త ఆధారం దొరికినప్పుడు పాత రింగును చెరిపేయొద్దు. కొత్తది అబద్ధమని తేలితే తిరిగి రావడానికి పాతది ఉండాలి.

ఇంట్లోవాళ్లను అడిగేటప్పుడు ఓపిక పట్టండి. ఏడుస్తున్న తల్లి చెప్పే చిన్న వివరంలోనే అసలు కేంద్రం దొరకొచ్చు. "వాడికి మోకాలి నొప్పి, ఎక్కువ ఎక్కలేడు" అన్న ఒక్క మాట సగం కొండను పక్కన పెట్టిస్తుంది.

తప్పిపోయినవాళ్లు సాధారణంగా ఎంత దూరంలో దొరుకుతారు?

దీనికి నిజమైన కేసుల నుంచి వచ్చిన లెక్కలు ఉన్నాయి. రాబర్ట్ కోస్టర్ అనే అమెరికా పరిశోధకుడు అనేక దేశాల గాలింపు రికార్డులను ఒక డేటాబేస్‌గా చేర్చారు. సమశీతోష్ణ పర్వత ప్రాంతాల్లో తప్పిపోయిన పాదచారుల్లో పావు వంతు మంది కేంద్రం నుంచి 1.1 కిలోమీటర్ల లోపు, సగం మంది 3.1 లోపు, ముప్పావు వంతు 5.8 లోపు, 95 శాతం మంది సుమారు 18 కిలోమీటర్ల లోపు దొరికారు. ఇవన్నీ నడిచిన దూరాలు కావు, కేంద్రం నుంచి దొరికిన చోటుకు తిన్నటి దూరాలు. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవాళ్ల విషయంలో సగం మంది కిలోమీటరు లోపే దొరుకుతారు.

ఈ అంకెలను మన ఎండుటాకుల అడవికి యథాతథంగా వాడకూడదు. అక్కడి చలి, బాటలు, గుర్తుల బోర్డులు వేరు. అయినా ఆ రింగుల తీరు మనకు పనికొస్తుంది: సగం మంది దగ్గరలోనే ఉంటారు, కొద్దిమంది చాలా దూరం పోతారు. దగ్గరి రింగును సగం సగం వెతికి దూరం పరిగెత్తడమే ఎక్కువగా జరిగే నష్టం. బైక్ చుట్టూ ఉన్న పొదలు, గుంతలు, బండల కింద నీడలు ముందు పూర్తిగా చూడండి.

గంట గంటకూ రింగు పెంచుకుంటూ పోవాలా?

సమయాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది మనిషి పోగలిగిన గరిష్ఠ దూరం. గంటకు 2 కిలోమీటర్ల చొప్పున 6 గంటలకు 12 కిలోమీటర్ల రింగు, అంటే 452 చదరపు కిలోమీటర్లు. ఎంత మంది వచ్చినా అంత అడవిని చేతులతో గాలించలేరు. ఆ పెద్ద రింగును మరో పనికి వాడండి. అది రోడ్లనూ, గూడేలనూ, అటవీ చెక్‌పోస్టులనూ ఎక్కడ తాకుతుందో చూసి అక్కడ మనుషుల్ని నిలబెట్టండి, ఫోన్లు చేయండి. మనిషి బయటికి వస్తే వాళ్లకు కనిపిస్తాడు. కాళ్లతో గాలించే పని మాత్రం లోపలి చిన్న రింగుల్లో జరగాలి.

రింగు లోపల ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

రింగును ముక్కలు చేయడంతో. వాగు, కాలిబాట, కొండ శిఖర రేఖ, బండి బాట, ఫైర్ లైన్ (మంటలు పాకకుండా చెట్లూ గడ్డీ తీసేసిన పట్టీ), ఇలా నేల మీద కనిపించే గీతలే హద్దులుగా ఉండాలి. మ్యాప్ మీద గళ్లు గీసి పంచితే, తన గడి ఎక్కడ ముగిసిందో అడవిలో ఉన్న మనిషికి తెలియదు. రెండు బృందాలు ఒకే చోటు వెతికి, మధ్యలో ఒక పట్టీని వదిలేస్తాయి.

మొదట చురుకైన చిన్న బృందాలు బాటల వెంటా, వాగుల వెంటా వేగంగా వెళ్లి పిలుస్తూ, ఆగి వింటూ రావాలి. ఆగి వినడం చాలామంది మర్చిపోతారు. బాట రెండుగా చీలే చోట్లు మ్యాప్‌లో గుర్తు పెట్టండి, మనిషి తప్పేది ఎక్కువగా అక్కడే. వేసవిలో నీటి చెలమలు, కుంటలు మరో ముఖ్యమైన గుర్తు. నల్లమలలో ఈ సంగతులు చెప్పగలిగినవాళ్లు చెంచులు. ఏ చెలమలో ఏ నెలలో నీళ్లుంటాయో, ఏ బాట పశువులది, ఏది మనుషులదో వాళ్లకు తెలిసినంతగా ఏ ఉపగ్రహ చిత్రం చెప్పదు. వాళ్లను వెంట తిప్పుకోవడంతో సరిపెట్టకుండా, మ్యాప్ ముందు కూర్చోబెట్టి అడగండి. వాళ్ల సమయానికి కూలి కూడా ఇవ్వాలి.

ప్రతి బృందమూ తాము నడిచిన దారిని (ట్రాక్) ఫోన్‌లో రికార్డ్ చేసి తిరిగొచ్చాక ఇవ్వాలి. వెతికిన చోటేదో, వెతికామనుకున్న చోటేదో అప్పుడే తేలుతుంది.

సెల్ టవర్ లొకేషన్ దొరికింది. టవర్ చుట్టూ సర్కిల్ గీస్తే సరిపోతుందా?

ఆ సమాచారం పోలీసుల ద్వారానే రావాలి, వచ్చాక రెండు ప్రశ్నలు అడగండి. ఏ సెక్టార్? టైమింగ్ అడ్వాన్స్ ఎంత? చాలా టవర్లకు మూడు సెక్టార్లుంటాయి, ఒక్కొక్కటి సుమారు 120 డిగ్రీలు. అంటే వృత్తంలో మూడో వంతు ముక్కే మనది. టైమింగ్ అడ్వాన్స్ అనేది టవర్‌కీ ఫోన్‌కీ మధ్య సంకేతం పట్టే సమయాన్ని బట్టి వచ్చే అంకె. టూజీలో ఒక్కో మెట్టూ సుమారు 550 మీటర్లు, 4జీలో సుమారు 78 మీటర్లు. టూజీలో ఆ అంకె 6 అంటే ఫోన్ టవర్‌కు సుమారు 3.3 నుంచి 3.85 కిలోమీటర్ల మధ్య ఉంది. అప్పుడు గీయాల్సింది నిండు వృత్తం బదులు గాజులాంటి సన్నటి పట్టీ, అందులోనూ ఆ సెక్టార్ వైపు ముక్క. గాలించాల్సిన నేల ఎంత తగ్గిపోతుందో చూడండి.

కొండ మీద ఉన్న ఫోన్ దగ్గరి టవర్‌ను వదిలి, ఎదురుగా కనిపించే దూరపు టవర్‌ను పట్టుకోవచ్చు. టవర్ పేరు చూసి ఆ ఊరి చుట్టూ వెతకడం మొదలుపెట్టొద్దు.

దూరం మాత్రమే తెలిసి దిక్కు అసలు తెలియకపోతే దాని వల్ల ఉపయోగం ఉందా?

ఉంది. 2014 మార్చి 8న మాయమైన మలేసియా విమానం ఎంహెచ్ 370 గాలింపు దాని మీదే నడిచింది. ఇన్‌మర్‌శాట్ ఉపగ్రహానికీ విమానానికీ మధ్య సంకేతం పట్టిన సమయం నుంచి దూరం తెలిసింది, దిక్కు తెలియలేదు. అలా తెలిసిన దూరాలను భూమి మీద గీస్తే వచ్చిన వంపుల్లో చివరిదే ఏడో చాపం. విమానం ఎంత దూరం పోగలదన్న ఇంధనం లెక్కతో, సంకేతం పౌనఃపున్యంలో వచ్చిన మార్పుతో ఆ చాపాన్ని దక్షిణ హిందూ మహాసముద్రం వైపు ముక్కకు కుదించి సముద్రం అడుగున వెతికారు. ప్రధాన శిథిలాలు ఆ గాలింపుల్లో దొరకలేదు. ఒక్క రింగు ప్రపంచంలో చాలా భాగాన్ని కొట్టేయగలదు, మిగిలినదాన్ని కుదించడానికి మరో స్వతంత్రమైన ఆధారం కావాలి.

2009లో నల్లమలలో హెలికాప్టర్ ఆచూకీకి అంత సమయం ఎందుకు పట్టింది? రింగు గీస్తే దొరికేది కదా?

2009 సెప్టెంబర్ 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. శిథిలాలు మర్నాడు ఉదయం పావురాలగుట్ట దగ్గర కనిపించాయి. వాయుసేన హెలికాప్టర్లు, సుఖోయ్ విమానం, ఇస్రో రీశాట్-2 ఉపగ్రహం, నేల మీద వేలమంది వెతికారు.

రింగు లెక్క ఎందుకు చాలదో చూడండి. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో అరగంట పోగలిగే దూరం 100 కిలోమీటర్లు. ఆ వృత్తం 31,400 చదరపు కిలోమీటర్లు, మన పాత జిల్లా ఏదైనా అందులో మునిగిపోతుంది. విమానాల గాలింపులో అందుకే ప్రయాణ మార్గం మీద గీత గీసి, దానికి అటూ ఇటూ కొన్ని కిలోమీటర్ల పట్టీ తీసుకుంటారు. వాతావరణం బాగోలేక పైలట్ పక్కకు తిరిగి ఉండొచ్చని ఆ పట్టీని వెడల్పు చేస్తారు. పైగా అది దట్టమైన అడవి, వాన, మబ్బు, లోయలు. నల్లమలలో వర్షాకాలం చెట్ల పైకప్పు కింద ఏముందో పై నుంచి చూడటం ఎంత కష్టమో, అక్కడ ఒక్కసారి తిరిగినవాళ్లకు తెలుసు.

నదిలో కొట్టుకుపోతే రింగు ఎలా గీయాలి?

గీయొద్దు. నదిలో దూరాన్ని నది వెంటే కొలవాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు గాలింపు దిగువకు మైళ్ల కొద్దీ సాగింది. పాపికొండల్లో నది మెలికలు తిరుగుతుంది కాబట్టి గుండ్రటి రింగు కొండల్ని లోపలికి తెచ్చి, దిగువ నీటిని బయటికి నెట్టేస్తుంది. గూగుల్ ఎర్త్‌లో నది మధ్య గీత వెంట పాత్ గీసి కిలోమీటరుకో గుర్తు పెట్టండి. మలుపుల్లో నీరు నెమ్మదించే లోపలి ఒడ్డు, సుడులు, ఇసుక మేటలు, వంతెన స్తంభాలు, బ్యారేజీ గేట్లు ముందుగా చూడాలి.

మేమే వెళ్లి వెతకొచ్చా?

ముందు 112కు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు, అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పండి. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లాంటి చోట్ల అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. పులి, ఎలుగుబంటి తిరిగే నేలలో రాత్రిపూట వెళ్లడం ఇంకో ప్రాణాన్ని పణంగా పెట్టడమే. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) పదో బెటాలియన్ విజయవాడ దగ్గరే ఉంది. అలాంటి బలగాలు జిల్లా యంత్రాంగం కోరితే వస్తాయి, కాబట్టి కలెక్టరేట్‌కు సమాచారం ఎంత త్వరగా చేరితే అంత మంచిది. మీరు చేయగల గొప్ప సాయం చాలాసార్లు అడవి బయటే ఉంటుంది: సరైన కేంద్రం, సమయాలు, ఫొటోలు, స్నేహితుల ఫోన్ నంబర్లు ఒక్క కాగితం మీద సిద్ధంగా ఉంచడం.

## మ్యాప్, పరికరాల సందేహాలు

క్యూజీఐఎస్‌లో బఫర్ (బిందువు చుట్టూ రింగు) 5 అని పెడితే సగం దక్షిణ భారతం కప్పేసింది. ఎందుకు?

మీ లేయర్ (మ్యాప్ పొర) డిగ్రీల్లో ఉంది, అది 5ను డిగ్రీలుగా తీసుకుంది. ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, అంటే మీరు గీసింది దాదాపు 555 కిలోమీటర్ల రింగు. హైదరాబాద్ కేంద్రమైతే చెన్నై కూడా లోపలికి వచ్చేస్తుంది. లేయర్‌ను మీటర్లలో ఉండే యూటీఎం పద్ధతికి మార్చి, తర్వాత 5000 అని ఇవ్వండి. యూటీఎం భూమిని నిలువు జోన్లుగా విడదీస్తుంది. మన ప్రాంతం చాలావరకు 44 ఉత్తర జోన్, సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవాల్సిన కోడ్ 32644. రేఖాంశం 78 డిగ్రీలకు పడమర ఉన్న అనంతపురం, నారాయణపేట 43లో పడతాయి. 84కు తూర్పున ఉన్న ఇచ్ఛాపురం 45లో పడుతుంది.

ఒకే 5 కిలోమీటర్ల రింగు రెండు సాఫ్ట్‌వేర్లలో వేర్వేరు సైజులో వస్తోంది. ఏది నమ్మాలి?

ఒకటి వెబ్ మెర్కేటర్‌లో కొలుస్తూ ఉండొచ్చు. ఆన్‌లైన్ మ్యాపులు చూపడానికి వాడే ఆ పద్ధతి భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ నేలను సాగదీస్తుంది. అందులో 5000 మీటర్లుగా గీసిన రింగు నిజానికి నల్లమలలో సుమారు 4.8 కిలోమీటర్లు, మనాలీ దగ్గర 4.2, అలాస్కాలో దెనాలీ దగ్గర 2.3. మన దగ్గర తేడా చిన్నదే, హిమాలయాల్లో మాత్రం గాలించని పట్టీ మిగిలిపోతుంది. సరిచూడటానికి కేంద్రం నుంచి రింగు అంచు దాకా గూగుల్ ఎర్త్ రూలర్‌తో ఒక గీత కొలవండి.

పాత సర్వే టోపో షీట్ మీద రింగు గీయొచ్చా?

గీయొచ్చు, కానీ అక్షాంశ రేఖాంశాలు లెక్కించడానికి భూమి ఆకారానికి పాత షీట్లు ఎవరెస్ట్ అనే ఆధారాన్ని, జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే మరో ఆధారాన్ని వాడతాయి. ఒకే అంకెలు రెండింటి మీదా వందల మీటర్ల తేడాతో పడొచ్చు. 2005 మ్యాప్ విధానం తర్వాత సర్వే ఆఫ్ ఇండియా తెచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉన్నాయి, అవి తీసుకోండి. పాత షీట్లలో ఉన్న వాగుల పేర్లూ, గుట్టల పేర్లూ మాత్రం పక్కన ఉంచుకోండి, స్థానికులు వాడేది ఆ పేర్లే.

శాటిలైట్ మెసెంజర్ కొని తెచ్చుకోవచ్చా?

విదేశాల నుంచి వచ్చేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఇది. ఇరిడియం, తురాయా ఫోన్లు, ఇన్‌రీచ్ లాంటి పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోవడం చట్టవిరుద్ధం. విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడి కేసులైన పర్యాటకులున్నారు.

మనిషి దొరికాక ఈ మ్యాప్ ఫైలు ఏం చేయాలి?

దొరికిన చోటును గుర్తుపెట్టి, మొదటి కేంద్రం నుంచి అక్కడికి తిన్నటి దూరం, ఎత్తు తేడా, బాట నుంచి ఎంత పక్కన దొరికారు, ఎన్ని గంటలు పట్టింది, వయసు, నెల రాసి పెట్టండి. పేరు, ఫోన్ నంబరు, ఇంటి వివరాలు, ఫొటోలు తీసేయండి. గ్రూపుల్లో తిరుగుతున్న లైవ్ లొకేషన్ లింకులు ఆపించండి. మిగిలిన రికార్డు ప్రతిని అటవీ రేంజ్ ఆఫీసులోనూ, మీ బృందంలోనూ దాచండి. అదే గుట్టలో మళ్లీ ఎవరైనా తప్పిపోతే, వేరే ఖండపు అంకెలకు బదులు మన నేల దూరాలతోనే మొదటి రింగు గీసుకోవచ్చు.